రీఫ్ ట్యాంకుకి బ్యాకప్ హీటింగ్: ఆరిపోయే హీటర్ కంటే ఆగని హీటరే ఎక్కువ ప్రమాదం

మొదట్లో నా రీఫ్ ట్యాంకులో (ఉప్పు నీళ్లలో చేపలతో పాటు కోరల్స్, అంటే పగడాలు, పెంచే అక్వేరియంలో) 300 వాట్ల హీటర్ ఒక్కటే ఉండేది. అది పాడైతే ఎలా అని అలాంటిదే ఇంకొకటి కొని అల్మరాలో పెట్టుకున్నాను, బ్యాకప్ ఉంది కదా అని నిశ్చింతగా పడుకునేవాణ్ణి. ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే నీళ్లు 31 డిగ్రీలు దాటి ఉన్నాయి, చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, కోరల్స్ ముడుచుకుపోయి వాటి మీంచి జిగురు తీగలు తీగలుగా వేలాడుతోంది. హీటర్ పాడైంది నిజమే, కానీ ఆరిపోలేదు, రాత్రంతా ఆగకుండా వెలుగుతూనే ఉంది. అల్మరాలో ఉన్న రెండో హీటర్ ఆ రాత్రి నాకు ఏ రకంగానూ పనికిరాలేదు.

అందుకే బ్యాకప్ అనగానే ఇంకో హీటర్ కొనడానికి పరిగెత్తకండి. హీటర్ ఎలా పాడవుతుందో ముందు చూడండి. మనం వాడే మామూలు గాజు హీటర్లలో ఎక్కువ వాటికి లోపల రెండు లోహాలు అతికించిన ఒక పట్టీ ఉంటుంది, వేడికి అది వంగి కరెంటుని తెంపుతుంది, చల్లబడితే మళ్లీ కలుపుతుంది. కలిసిన ప్రతిసారీ, విడిపోయిన ప్రతిసారీ ఆ కొనల మధ్య చిన్న నిప్పురవ్వ పుడుతుంది. రోజుకి పదులసార్లు, నెలల తరబడి అలా జరిగాక ఆ కొనలు మాడి కరెంటు అందకుండా పోవచ్చు, లేదా ఒకదానికొకటి అతుక్కుపోయి ఇక విడిపోకుండా ఉండిపోవచ్చు. మొదటి దానికి నీళ్లు మెల్లగా చల్లబడతాయి. రెండో దానికి నీళ్లు వేడెక్కుతూనే ఉంటాయి.

ఈ రెండింటిలో చలి మనకి టైం ఇస్తుంది. నీళ్లు 25 నుంచి 22కి దిగితే చేపలు మందకొడిగా అవుతాయి, కోరల్స్ ముడుచుకుంటాయి, అయినా చల్లని నీళ్లలో ఆక్సిజన్ కొంచెం ఎక్కువే నిలుస్తుంది, ప్రాణులకి కావాల్సింది కూడా తగ్గుతుంది. వేడికి రెండూ ఎదురు తిరుగుతాయి. 25 డిగ్రీల దగ్గర ఉప్పు నీళ్లు లీటరుకి సుమారు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే 30 దగ్గర 6.2 మాత్రమే పట్టుకుంటాయి, అదే సమయంలో చేపల శ్వాస వేగం పెరుగుతుంది. కోరల్ లోపల ఉండి దానికి తిండి పెట్టే సూక్ష్మ నాచు వేడికి తట్టుకోలేక బయటికి పోతుంది, మనం బ్లీచింగ్ అంటున్నది దాన్నే. సముద్రంలో సైతం ఏడాదిలో అన్నిటికంటే వేడిగా ఉండే నెల సగటు మీద ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే నిలిస్తే పగడాలు తెల్లబడటం మొదలవుతుంది.

కాబట్టి ఏర్పాటు రెండు వైపులా కాపలా కాయాలి: ఆరిపోతే అందుకునేది ఒకటి, ఆగకపోతే తెంపేది ఒకటి. ఇప్పుడు పని మొదలుపెడదాం.

ముందు మీ ట్యాంకు ఎంత వేడి పోగొట్టుకుంటుందో కొలవండి

లీటరుకి ఇన్ని వాట్లు అని చెప్పే లెక్కలు చాలా ఉన్నాయి, నేను వాటిని నమ్మను. ట్యాంకుకి మూత ఉందా, సంప్ (ట్యాంకు కింద ఉండే రెండో నీళ్ల తొట్టి) ఎంత పెద్దది, గది ఎంత చల్లగా అవుతుంది, ఇవి తెలియకుండా ఎవరు చెప్పినా అది ఊహే. కొలవడం కష్టం కాదు, ఒక సాయంత్రం చాలు.

లైట్లు ఆరిపోయాక, గది చల్లగా ఉన్న రాత్రి, హీటర్లు మాత్రమే ఆపండి. పంపులు, వేవ్ మేకర్ (ట్యాంకులో నీళ్లని కదిలించే చిన్న పంపు) ఎప్పట్లాగే తిరగాలి. నీళ్ల ఉష్ణోగ్రత, గది ఉష్ణోగ్రత రాసుకోండి, రెండు గంటల తర్వాత మళ్లీ రాసుకోండి, హీటర్లు వేసేయండి. ఒక లీటరు ఉప్పు నీళ్లని ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 1.15 వాట్-అవర్లు కావాలి, ఈ ఒక్క అంకె గుర్తుంటే మిగతాదంతా గుణకారం, భాగహారం.

నా లెక్క చూపిస్తాను. సంప్‌తో కలిపి అసలు నీళ్లు 200 లీటర్లు (రాళ్లు, ఇసుక ఆక్రమించిన చోటు తీసేశాక). అంటే ఒక డిగ్రీకి 230 వాట్-అవర్లు. రెండు గంటల్లో 25.5 నుంచి 24.7కి దిగింది, గంటకి 0.4 డిగ్రీ, అంటే 92 వాట్ల లోటు. కానీ పంపులు తిరుగుతున్నాయి కదా, అవి తినే 30 వాట్లు కూడా దాదాపు మొత్తం వేడిగా నీళ్లలోకే వస్తాయి. కాబట్టి ట్యాంకు నిజంగా పోగొట్టుకుంటున్నది 122 వాట్లు. అప్పుడు గది 18 దగ్గర ఉంది, నీళ్లకీ గదికీ తేడా సగటున 7.1 డిగ్రీలు, భాగిస్తే ఒక్కో డిగ్రీ తేడాకి 17 వాట్లు. ఇది నా ట్యాంకు స్వభావం. మీది 10 కావచ్చు, 30 కావచ్చు, మూతలేని వెడల్పు ట్యాంకైతే ఇంకా ఎక్కువ.

ఇప్పుడు ఏడాదిలో మీ గది ఎంత చల్లబడగలదో ఆ అంకె పెట్టండి. గది 13కి దిగే రాత్రి ఉందనుకుందాం. తేడా 12.5, దాన్ని 17తో గుణిస్తే 212 వాట్లు. పంపుల 30 తీసేస్తే హీటర్ల నుంచి 182 వాట్లు కావాలి.

హీటర్లు: ఒక పెద్దది వద్దు, రెండు చిన్నవి

182 కావాలంటే చాలామంది 300 ఒకటి కొనేస్తారు. దానికి బదులు 150 వాట్లవి రెండు తీసుకోండి. వేడి అంతే, పాడైనప్పుడు జరిగేది మాత్రం వేరు.

ఒకటి ఆరిపోయిందనుకోండి. మిగిలిన 150, పంపుల 30, మొత్తం 180 వాట్లు. 17తో భాగిస్తే గది కంటే సుమారు 10.6 డిగ్రీలు పైన నిలబెట్టగలవు, అంటే 13 డిగ్రీల గదిలో కూడా నీళ్లు 23.6 దగ్గర ఆగుతాయి. మీరు లేచి చూసేసరికి అందరూ బతికే ఉంటారు.

ఒకటి అతుక్కుపోయిందనుకోండి. గది 25 ఉన్న రోజు 300 వాట్ల హీటర్ ఆ 200 లీటర్లని గంటకి 1.4 డిగ్రీల చొప్పున పెంచుకుంటూ పోతుంది. 150 వాట్లది అదే పని గంటకి 0.75 చొప్పున చేస్తుంది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే చిన్న హీటర్ అయితే అతుక్కుపోయినా ఏం కాదు అని చాలామంది అనుకుంటారు. అలా కాదు, గది వెచ్చగా ఉంటే 150 వాట్లది కూడా చివరికి ట్యాంకుని 30 దాటించేస్తుంది. చిన్న హీటర్ వల్ల మీకు దక్కేది రెట్టింపు టైం, అంతే. ఆపే పని వేరే పరికరం చేయాలి.

గాజువి, క్వార్ట్జ్‌వి, టైటానియంవి అని రకాలున్నాయి. టైటానియం పగలదు, రాయి తగిలినా తట్టుకుంటుంది, కానీ వాటిలో చాలావాటికి లోపల థర్మోస్టాట్ (వేడిని బట్టి కరెంటు తెంపే ఆ పట్టీ లాంటిది) ఉండదు, బయటి కంట్రోలర్ మీదే పూర్తిగా ఆధారపడాలి. బ్యాకప్ కోసమే అయితే, సొంత థర్మోస్టాట్ ఉన్న మంచి గాజు హీటర్లే నాకు నచ్చుతాయి, ఎందుకంటే ఆ థర్మోస్టాట్‌ని రెండో కాపలాగా వాడుకోవచ్చు. కింద అదే చెప్తున్నాను.

కంట్రోలర్లు: రెండు విడివిడి జతలు

కంట్రోలర్ అంటే నీళ్లలో ఒక ప్రోబ్ (ఉష్ణోగ్రత కొలిచే వైరు కొన), బయట ఒక డిస్‌ప్లే, హీటర్ ప్లగ్ పెట్టుకునే సాకెట్. ఇంక్‌బర్డ్ లాంటివి చాలామంది దగ్గర ఉన్నాయి, ఎపెక్స్ లాంటి పెద్ద సిస్టమ్ ఉన్నవాళ్లకి ఈ పని అందులోనే అయిపోతుంది. ఏదైనా సరే, ఒకే కంట్రోలర్‌కి రెండు హీటర్లూ తగిలించకండి. అలా చేస్తే హీటర్లు రెండున్నా ప్రోబ్ ఒకటే, రిలే (హీటర్‌కి కరెంటు కలిపి తెంపే స్విచ్) ఒకటే, ఆ ఒక్కటి పోతే రెండూ పోతాయి. కంట్రోలర్ లోపలి రిలే కూడా అతుక్కుపోగలదు, అది ప్రత్యేకమైన వస్తువేం కాదు.

నేను చేసినది ఇది. మొదటి హీటర్, దాని కంట్రోలర్, దాని ప్రోబ్, దాని గోడ సాకెట్, ఇది ఒక జత. రెండో హీటర్‌కి ఇవన్నీ మళ్లీ వేరుగా. మొదటి కంట్రోలర్ 25.5 దగ్గర, రెండోది 25.0 దగ్గర. మామూలు రోజుల్లో మొదటిదే పని చేస్తుంది, రెండోది ఊరికే చూస్తూ ఉంటుంది. చలి ఎక్కువైన రాత్రి మొదటిది చాలక నీళ్లు 25 కిందికి దిగగానే రెండోది తోడవుతుంది. మొదటి జతలో ఏది పోయినా, హీటర్ గానీ కంట్రోలర్ గానీ ప్రోబ్ గానీ, రెండోది తనంతట తానే అందుకుంటుంది, ఎవరూ లేచి ఏం చేయక్కర్లేదు. నెలకోసారి ఈ రెండు అంకెలూ అటూ ఇటూ మార్చండి. రెండింటి అరుగుదల సమానంగా ఉంటుంది, రెండోది నిజంగా పని చేస్తోందని కూడా తెలుస్తుంది.

ఇక హీటర్ మీద ఉన్న సొంత డయల్ సంగతి. దాన్ని 27 దగ్గర పెట్టండి. కంట్రోలర్ 25.5కే తెంపేస్తుంది కాబట్టి మామూలుగా ఆ డయల్‌కి పనే ఉండదు, దాని కొనలు అరగవు. కంట్రోలర్ రిలే అతుక్కుపోయిన రోజు నీళ్లు 27కి చేరగానే డయల్ ఆపేస్తుంది. అయితే హీటర్ మీద అచ్చేసిన అంకెలు ఒకటి రెండు డిగ్రీలు తప్పుగా ఉండటం మామూలే. ఒకసారి హీటర్‌ని కొత్త నీళ్లు కలుపుకునే బకెట్‌లో, చిన్న పంపు తిరుగుతుండగా, కంట్రోలర్ లేకుండా పెట్టి, అది నిజంగా ఎక్కడ ఆగుతుందో థర్మామీటర్‌తో చూసి డయల్ సరిచేసుకోండి. హీటర్ దగ్గరే ఉండి చూడండి, బకెట్ నీళ్లు చాలా త్వరగా వేడెక్కుతాయి.

థర్మోస్టాట్ లేని టైటానియం హీటర్ అయితే ఈ రెండో కాపలా ఉండదు. అప్పుడు రెండు కంట్రోలర్లని వరసగా పెట్టండి: గోడ సాకెట్‌లో 27కి తెంపేలా పెట్టినది, దాని సాకెట్‌లో 25.5కి పెట్టినది, అందులో హీటర్. ఏ ఒక్క రిలే అతుక్కున్నా ఇంకోటి తెంపుతుంది.

ఆన్ అవ్వడానికీ ఆఫ్ అవ్వడానికీ మధ్య తేడా 0.3 నుంచి 0.5 డిగ్రీ ఉంచండి. 0.1 పెడితే రిలే రోజంతా టక్ టక్ అంటూ త్వరగా అరిగిపోతుంది, కోరల్స్‌కి దానివల్ల వచ్చే లాభం ఏమీ లేదు. కంట్రోలర్‌కి కూలింగ్ సాకెట్ కూడా ఉంటే ఖాళీగా వదలకండి, సంప్ మీదికి గాలి కొట్టే చిన్న ఫ్యాన్ అందులో పెట్టి 27కి తిరిగేలా చేయండి.

ప్రోబ్‌లు నిజం చెప్తున్నాయో లేదో ముందే చూసుకోండి. దంచిన ఐస్‌లో కొంచెం నీళ్లు పోసి బాగా కలిపితే అది సున్నా డిగ్రీలు ఉంటుంది, ప్రోబ్ అందులో ముంచితే సున్నాకి దగ్గరగా చూపించాలి. తర్వాత రెండు ప్రోబ్‌లూ, ఒక మంచి థర్మామీటరూ ట్యాంకు నీళ్లలో ఒకే చోట పెట్టి పోల్చి, ఆ తేడాని కంట్రోలర్ సెట్టింగ్‌లో సరిచేయండి. ఒకదానికొకటి అర డిగ్రీ తేడా చూపిస్తుంటే పైన చెప్పిన 25.5, 25.0 ఏర్పాటుకి అర్థమే ఉండదు.

ఎక్కడ పెట్టాలి

నాకు తెలిసి చాలా ఏర్పాట్లు ఇక్కడే చెడతాయి, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

హీటర్‌ని సంప్‌లో, నీళ్ల మట్టం ఎప్పుడూ మారని అరలో పెట్టండి. రిటర్న్ పంపు (సంప్ నీళ్లని తిరిగి పైకి తోసేది) ఉండే అరలో వద్దు, నీళ్లు ఆవిరై తగ్గేది అక్కడే, టాప్ ఆఫ్ (ఆవిరైనన్ని మంచి నీళ్లు మళ్లీ పోయడం) ఒక్క రోజు ఆగినా హీటర్ సగం బయటపడుతుంది. గాలిలో కాలిన గాజు మీద చల్లటి నీళ్లు పడితే పగులుతుంది. స్కిమ్మర్ (నీళ్లలోని మలినాన్ని నురగగా తీసే పరికరం) ఉండే అర లాంటిది, అడ్డుగోడ వల్ల మట్టం కదలకుండా ఉండేది, నీళ్లు బాగా పారేది, మంచి చోటు. వీలైతే అడ్డంగా పడుకోబెట్టండి (అలా వాడొచ్చని దాని కాగితంలో ఉంటే), మట్టం కొంచెం తగ్గినా మునిగే ఉంటుంది.

ప్రోబ్ కూడా అదే నీళ్లలో, హీటర్‌కి ఆనకుండా, కొంచెం దూరంగా. ప్రోబ్‌ని పైన ట్యాంకులో పెట్టి హీటర్‌ని సంప్‌లో పెడితే మామూలు రోజు ఏ తేడా కనబడదు. రిటర్న్ పంపు ఆగిన రోజు కనబడుతుంది: పైన నీళ్లు చల్లబడుతున్నాయని ప్రోబ్ చెప్తుంటుంది, కింద హీటర్ సంప్‌లో ఉన్న కొద్ది నీళ్లని ఆపకుండా కాగబెడుతుంది, అంతా సరిచేసి మీరు పంపు వేయగానే ఆ వేడి నీళ్లన్నీ ఒక్కసారిగా కోరల్స్ మీదికి వెళ్తాయి.

ప్రోబ్‌ని సక్షన్ కప్పు మీద మాత్రం వదలొద్దు. ఆ రబ్బరు ఉప్పు నీళ్లలో గట్టిపడి కొన్ని నెలల్లో ఊడుతుంది. నాకు ఒకసారి ఊడింది, ప్రోబ్ నీళ్ల పైకి తేలి చల్లటి గాలిని కొలుస్తూ కూర్చుంది, కంట్రోలర్ 19 అని చూపిస్తూ హీటర్‌ని నడిపిస్తూనే ఉంది. ఆ రోజు నీళ్లు 27 దగ్గర ఆగాయంటే హీటర్ డయల్‌ని అక్కడ పెట్టి ఉంచడం వల్లే. అప్పటినుంచి ప్రోబ్ వైరుని సంప్ అంచుకి బిగించిన క్లిప్‌తో ఒకచోట, లోపల గట్టి ప్లాస్టిక్ పైపుకి జిప్ టైతో ఇంకోచోట కడుతున్నాను. హీటర్‌కి కూడా సక్షన్ కప్పులు నమ్మను, ప్లాస్టిక్ గార్డ్ తొడిగి అడుగున పడుకోబెడతాను.

కరెంటు

ఉప్పు నీళ్లు కరెంటుని బాగా పారిస్తాయి, మనం చేతులు పెట్టేది అందులోనే. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే తెంపే స్విచ్) లేకుండా రీఫ్ ట్యాంకు నడపకండి. అది హీటర్ కంటే ముందు కొనాల్సిన వస్తువు. టైటానియం హీటర్‌కి ఎర్త్ పిన్ తప్పనిసరి. చేయి నీళ్లలో పెట్టే ముందు హీటర్ల ప్లగ్గులు తీసేయడం అలవాటు చేసుకోండి, పగుళ్లు కంటికి కనబడవు. నీళ్లు మార్చేటప్పుడు కూడా ప్లగ్ తీసి, హీటర్ చల్లబడటానికి పది పదిహేను నిమిషాలు ఆగి, అప్పుడు మట్టం దించండి.

ఒక్క చిక్కు: పాడైన హీటర్ వల్ల ఆర్‌సీసీబీ పడిపోతే దాని మీద ఉన్నవన్నీ ఆగిపోతాయి. వేవ్ మేకర్, రిటర్న్ పంపు, రెండు హీటర్లూ ఒకే దాని మీద ఉంటే చిన్న లీకేజ్‌తో మొత్తం ట్యాంకు ఆగిపోయినట్టే. ఎలక్ట్రీషియన్‌తో రెండు ఆర్‌సీసీబీల కింద రెండు లైన్లు వేయించుకోండి. ఒక లైన్ మీద మొదటి హీటర్ జత, రిటర్న్ పంపు. ఇంకో లైన్ మీద రెండో జత, వేవ్ మేకర్. ఏ లైన్ పడినా కొంత వేడి, కొంత ప్రవాహం మిగులుతాయి.

సాకెట్లు నీళ్ల మట్టం కంటే పైన ఉండాలి, సంప్ పైన మాత్రం కాదు, పక్కకి. నీళ్ల తుంపర్లతో పాటు ఎగిరే ఉప్పు ప్లగ్గుల మీద తెల్లగా పేరుకుంటుంది. వైరు సాకెట్‌లోకి పోయే ముందు కిందికి ఒక వంపు తిరిగేలా వేలాడదీయండి, దాని మీద జారే చుక్క సాకెట్‌లోకి పోకుండా ఆ వంపు దగ్గర నేల మీద పడుతుంది.

అలారం వేరుగా ఉండాలి

కంట్రోలర్‌లోనే అలారం ఉంది కదా అనకండి, తప్పు చూపిస్తున్న ప్రోబ్ తన తప్పుని తను చెప్పలేదు. పైన ట్యాంకులో సొంత ప్రోబ్ ఉన్న వేరే థర్మామీటర్ ఒకటి పెట్టండి, 23.5 కంటే దిగినా 27.5 దాటినా అరిచేది. ఫోన్‌కి మెసేజ్ పంపేదైతే ఇంకా మంచిది, కానీ కరెంటు పోయినప్పుడు ఇంట్లో రౌటర్ కూడా ఆరిపోతుంది, అసలు అవసరమైన సమయానికే మెసేజ్ రాదు. రౌటర్‌ని చిన్న యూపీఎస్ మీద పెట్టండి. యాప్‌లో పరికరం ఆఫ్‌లైన్ అయిందని చెప్పే సౌకర్యం ఉంటే అది కూడా ఆన్ చేసుకోండి, ఆఫ్‌లైన్ అనే మాట కూడా ఒక అలారమే.

కరెంటు పోయినప్పుడు

ఇక్కడ బ్యాటరీతో హీటర్ నడపాలని అందరికీ అనిపిస్తుంది. లెక్క చూడండి. 12 వోల్టుల 100 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో పేరుకి 1200 వాట్-అవర్లు ఉంటాయి, బ్యాటరీ పాడవకుండా వాడుకోగలిగేది అందులో సగం, ఇన్వర్టర్ తినేది పోగా చేతికొచ్చేది 500 దాకా. 150 వాట్ల హీటర్ మూడు గంటలు దాటాక ఆరిపోతుంది. అదే బ్యాటరీ మీద 10 వాట్ల వేవ్ మేకర్ ఒక రోజుకి పైగా తిరుగుతుంది. ఆగిన నీళ్లలో చేపలు చలికి పోయే ముందే ఊపిరాడక పోతాయి. కాబట్టి బ్యాటరీ మొదట ప్రవాహానికి, ఆక్సిజన్‌కి. బ్యాటరీతో తనంతట తానే మొదలయ్యే చిన్న ఎయిర్ పంపు ఒకటి ఎప్పుడూ తగిలించి ఉంచండి. ఇన్వర్టర్ కొనేటప్పుడు ప్యూర్ సైన్ వేవ్‌ది తీసుకోండి, చవక రకం కరెంటుకి హీటర్ ఏమీ అనదు గానీ ఏసీ పంపులు గుర్రుమని మోగుతూ వేడెక్కుతాయి.

మరి వేడి? వేడిని తయారుచేయడం కంటే పోకుండా ఆపడం చాలా తేలిక. ట్యాంకు పోగొట్టుకునే వేడిలో పెద్ద వాటా ఆవిరి రూపంలో పైనుంచి పోయేదే. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 675 వాట్-అవర్ల వేడి దానితో పోతుంది, రోజుకి 3 లీటర్లు టాప్ ఆఫ్ పడే ట్యాంకులో అది రాత్రీ పగలూ 80 వాట్లకి పైగా పోతున్నట్టు లెక్క. ముందే కొలతకి కోయించిన మూత, వెనకకీ పక్కలకీ సరిపోయేలా కోసిన ఫోమ్ షీట్లు బీరువాలో పెట్టుకోండి. కరెంటు పోగానే లైట్ స్విచ్ ఆపి, లైట్‌ని పక్కకి జరిపి, మూత వేసి, ఫోమ్ ఆనించి, దుప్పట్లు చుట్టండి. గాలి ఆడటానికి ఒక మూల నాలుగు వేళ్ల సందు వదలండి, ఎయిర్ పంపు లోపలికి తోసే గాలి బయటికి పోవాలి కదా. దుప్పటి కొస నీళ్లలో పడనివ్వకండి, ఒత్తిలా పీల్చి నేలంతా తడిపేస్తుంది.

నా ట్యాంకు అంకెల ప్రకారం 13 డిగ్రీల గదిలో ఏమీ కప్పకపోతే నాలుగు గంటల్లో 22 దగ్గరికి, ఎనిమిది గంటల్లో 20 దగ్గరికి వస్తుంది. పోయే వేడిని సగానికి తగ్గించగలిగితే ఎనిమిది గంటలైనా 22 దగ్గరే ఉంటుంది. బ్యాటరీ మీద హీటర్ పెట్టే ఖర్చుతో పోలిస్తే దుప్పటి ఖర్చు లేనట్టే.

అప్పటికీ కరెంటు రాకపోతే వేడి నీళ్ల బాటిళ్లు. రెండు లీటర్ల బాటిల్‌ని బయట ఉప్పు, సబ్బు ఏమీ లేకుండా కడిగి, 60 డిగ్రీల నీళ్లు నింపి, మూత బిగించి తేలనివ్వండి. ఒక బాటిల్ చల్లారేసరికి 200 లీటర్లని మూడో వంతు డిగ్రీకి కాస్త పైగా పెంచుతుంది. తక్కువే అనిపిస్తుంది, కానీ కప్పి ఉంచిన ట్యాంకుకి గంటకి ఒకటి చొప్పున మారుస్తుంటే పడిపోకుండా నిలబడుతుంది. మరిగే నీళ్లు పోయకండి, బాటిల్ మెత్తబడి వంకర్లు పోతుంది. పెట్టేది పైన ట్యాంకులో, నీళ్లు కదిలే చోట, కోరల్స్‌కి తగలకుండా. రిటర్న్ పంపు ఆగినప్పుడు పైనీళ్లు కొన్ని సంప్‌లోకి దిగి అది అంచుదాకా నిండి ఉంటుంది, అక్కడ బాటిల్ పెడితే పొంగుతుంది. పైన కూడా బాటిల్ పెట్టే ముందు దానికి సరిపడా ఉప్పు నీళ్లు ఒక బకెట్‌లోకి తీసి ఉంచుకోండి.

జనరేటర్ ఉంటే అది ఇంటి బయట, కిటికీలకి దూరంగా ఉండాలి. గది వెచ్చబడుతుందని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, ట్యాంకు కోసం మనుషుల ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

కరెంటు వచ్చాక తొందర వద్దు. నీళ్లు 21కి దిగి ఉంటే రెండు హీటర్లూ ఒకేసారి వేయకుండా ముందు ఒక్కటే వేసి, గంటకి అర డిగ్రీ చొప్పున, మహా అయితే ఒక డిగ్రీ చొప్పున ఎక్కనివ్వండి. ఆ రోజు చేపలకి మేత వేయకండి, లైట్లు కూడా తగ్గించండి.

నెలకోసారి అరగంట

ఇదంతా పెట్టి వదిలేస్తే ఏడాది తర్వాత ఏది పని చేస్తుందో ఏది చేయదో మీకే తెలియదు. నేను ప్రతి నెలా మొదటి ఆదివారం చేసేది చెప్తాను. ఒక కప్పులో 30 డిగ్రీల నీళ్లు తీసుకుని మొదటి ప్రోబ్‌ని అందులో ముంచుతాను, కంట్రోలర్ ఆఫ్ అవ్వాలి, ప్లగ్‌కి వాట్‌మీటర్ ఉంటే అందులో సున్నా కనబడాలి. తర్వాత చల్లటి నీళ్ల కప్పు, ఇప్పుడు ఆన్ అవ్వాలి, మీటర్‌లో 150కి దగ్గరగా చూపించాలి. డిస్‌ప్లేలో లైట్ వెలిగిందని సరిపెట్టుకోకండి, లైట్ వెలుగుతూ హీటర్ చచ్చి ఉండొచ్చు. రెండో జతకీ ఇదే. అలారం ప్రోబ్‌ని కూడా వేడి కప్పులో ముంచి అరుస్తుందో లేదో వింటాను. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి, మళ్లీ వేసి, కంట్రోలర్లు పాత అంకెలతోనే మొదలయ్యాయా అని చూస్తాను, కొన్ని పరికరాలు కరెంటు పోయి వచ్చాక ఆఫ్‌లోనే ఉండిపోతాయి. చివరగా ప్రోబ్‌లు మళ్లీ నీళ్లలో కట్టానా అని రెండుసార్లు చూస్తాను.

గాజు హీటర్లు బాగానే ఉన్నా రెండేళ్లకి మించి ఉంచను, ఒక్కొక్కదాన్ని ఏడాది తేడాతో మారుస్తాను, అప్పుడు రెండూ ఒకే వయసువి కాకుండా ఉంటాయి. కొత్తది తెచ్చిన రోజే బకెట్‌లో పరీక్షించి, తేదీ రాసిన టేప్ దాని వైరుకి అంటించండి.

చివరి పని, ఒక కాగితం. మీరు ఊళ్లో లేనప్పుడు ఇంట్లో ఉండేవాళ్లకి ఈ లెక్కలేవీ తెలియవు, ఫోన్‌లో చెప్తుంటే వాళ్లకీ టెన్షన్, మీకూ టెన్షన్. పెద్ద అక్షరాలతో రాసి స్టాండ్ తలుపు లోపలివైపు అంటించండి. నా కాగితం మీద ఉన్నది ఇంతే: అలారం మోగితే ముందు థర్మామీటర్ చూడండి. 27.5 దాటితే ఎర్ర టేప్ ఉన్న రెండు హీటర్ ప్లగ్గులూ పీకేయండి, సంప్ మీద ఫ్యాన్ వేయండి, నాకు ఫోన్ చేయండి. 23.5 కంటే తగ్గితే మూత వేసి దుప్పటి కప్పండి, ఎయిర్ పంపు బుడగలు వస్తున్నాయో లేదో చూడండి, తర్వాత నాకు ఫోన్ చేయండి. నీళ్లలో చేయి పెట్టకండి.